కిడ్నీ జబ్బున్న మా బాబుకి జ్వరం వస్తే – నా అనుభవం

2023లో, నాలుగేళ్ల వయసులో మా బాబుకి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలింది, అంటే కిడ్నీలు ఒంట్లోని ప్రోటీన్‌ని మూత్రంలోకి వదిలేసే జబ్బు. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉండేవి. ఎలర్జీ అనుకుని పది రోజులు చుక్కల మందు వేశాం. తర్వాత పొట్ట, కాళ్లు వాచాయి. మూత్ర పరీక్షలో ప్రోటీన్ నాలుగు ప్లస్ వచ్చింది. హైదరాబాద్‌లో పిల్లల కిడ్నీ డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వాడు 15 కిలోలు, కిలోకి 2 మి.గ్రా. లెక్కన రోజుకి 30 మి.గ్రా., ఆరు వారాలు. ఆ తర్వాత తగ్గించి, రోజు విడిచి రోజు ఇంకో ఆరు వారాలు. రెండో వారానికే వాపు తీసింది. గండం గడిచిందనుకున్నాం.

సంక్రాంతి వెళ్లాక జలుబు చేసింది, దాంతో జబ్బు తిరగబెట్టింది. పొట్ట మళ్లీ నీరు పట్టింది. ఒక రాత్రి కడుపునొప్పి అని మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. జ్వరం 101. హనుమకొండలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో గ్యాస్ అని సిరప్ రాసి పంపించారు. తెల్లారేసరికి పొట్ట మీద చెయ్యి వేయనివ్వలేదు. కారు మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్లాం. సూదితో పొట్టలోంచి కొంచెం నీరు తీసి పరీక్షించారు. ఆ నీటికి ఇన్ఫెక్షన్, పెరిటోనైటిస్ అన్నారు. పది రోజులు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు.

"జబ్బు కిడ్నీలకి కదా డాక్టరు గారూ, పొట్టలో ఇన్ఫెక్షన్ ఎట్లా వచ్చింది?" అని అడిగాను. ఆయన కూర్చోబెట్టి చెప్పారు. మూత్రంలో పోయేది ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక్కటే కాదట. క్రిములను పట్టించే యాంటీబాడీలు కూడా అందులోనే కొట్టుకుపోతాయి. న్యుమోకోకస్ లాంటి క్రిమికి పైన ఒక పూత ఉంటుంది. యాంటీబాడీ వెళ్లి ఆ పూతకి అతుక్కుంటేనే తెల్ల రక్తకణం దాన్ని సులువుగా మింగగలదు. అవి తక్కువైతే క్రిమికి అడ్డుండదు. పైగా పొట్టలో నిలిచిన నీరు అది పెరగడానికి అనువైన చోటు. దానికి తోడు మనం ఇచ్చే స్టెరాయిడ్ కూడా రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది. "స్టెరాయిడ్ వాడే పిల్లాడిలో జ్వరం, నొప్పి తక్కువగానే బయటపడొచ్చమ్మా. థర్మామీటర్‌లో అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి" అన్నారు.

నాకు గుడ్లు సరిగ్గా పెట్టలేదేమోనని దిగులుగా ఉండేది, మా అత్తమ్మకి కూడా. తిండి తప్పు కాదని తెలిశాక ఇద్దరికీ గుండె బరువు దిగింది.

అప్పటి నుంచి ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించుకున్నాం. జ్వరంతో కడుపునొప్పి, కాలి మీద ఎర్రగా వేడిగా వాపు, ఆయాసం, వాంతులై స్టెరాయిడ్ లోపల నిలవకపోవడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే బయలుదేరడమే. స్టెరాయిడ్ మాత్రం మా అంతట మేం ఒక్క పూట కూడా ఆపం, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. రోజూ పొద్దున మూత్రంలో ప్రోటీన్ చూపించే స్టిక్ ముంచి, పసుపు రంగు ఆకుపచ్చకు తిరుగుతుందేమో చూసి డైరీలో రాస్తాను.

తర్వాత టీకాలు. మా వాడు పుట్టినప్పుడు మా దగ్గర ప్రభుత్వ టీకాల్లో న్యుమోకోకల్ లేదు, దేశమంతటా 2021లోనే వచ్చింది. అందుకే బయట కొనుక్కుని వేయించాం. ముందు ఒక రకం, ఎనిమిది వారాలు ఆగి రెండోది. ఫ్లూ టీకా ఏటా వేయించాలి. తట్టు, ఆటలమ్మ టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి కాబట్టి ఎక్కువ డోసు స్టెరాయిడ్ మీద ఉండగా వద్దన్నారు. అందుకని ఇంట్లో అక్కకి ముందు ఆటలమ్మ టీకా వేయించమన్నారు.

భయపడ్డదే ఎదురొచ్చింది. బంధువుల ఇంట్లో పుట్టువెంట్రుకల ఫంక్షన్‌కి వెళ్తే, అక్కడ ఒక పాపతో రోజంతా ఆడుకున్నాడు. రెండు రోజులకి ఫోన్, ఆ పాపకి అమ్మవారు పోసిందని. పొక్కులు రాకముందు ఒకటి రెండు రోజుల నుంచే అది అంటుకుంటుందట. మా వాడు అప్పటికింకా స్టెరాయిడ్ మీదే ఉన్నాడు. చేతులు వణుకుతుండగా డాక్టరుకి ఫోన్ చేశాను. దీనికి ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిదన్నారు కానీ మాకది దొరకలేదు. దానికి బదులు ఏడో రోజు నుంచి వారం పాటు అసైక్లోవిర్ అనే వైరస్ మందు రాశారు. అమ్మవారికి మందులేంటని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారు. అత్తమ్మ గుమ్మానికి వేపమండ కట్టింది. ఆమె నమ్మకం ఆమెది, నేను అడ్డు చెప్పలేదు. మందు ఒక్క డోసు కూడా తప్పనివ్వలేదు. 21 రోజులు రోజూ స్నానం చేయిస్తూ వీపు, పొట్ట, తల వెతికాను. ఒక్క పొక్కు కూడా రాలేదు.

స్టెరాయిడ్ పూర్తిగా ఆపి నెల దాటాక వాడికీ ఆటలమ్మ టీకా వేశారు. రెండో డోసు తేదీ డైరీ అట్ట మీద రాసి పెట్టుకున్నాను.