పై రెక్క నుంచి కొలవాలని ఒక్కరూ చెప్పలేదు

ఇవాళ సాయంత్రం నా రిమోట్ కంట్రోల్ బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలున్న చిన్న విమానం, 6 నిమిషాల 40 సెకన్లు గాలిలో ఉంది. దాన్ని దించి, బ్యాటరీ విప్పి, ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను. చేతుల వణుకు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇదే విమానం నెల రోజుల్లో మూడుసార్లు ముక్కు నేలకు గుద్దుకుని పడింది. మూడుసార్లూ తప్పు నా చేతిదే అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళూ అదే అన్నారు. అసలు తప్పు ఒక కొలతలో ఉంది. మళ్ళీ ఇంకొకరు ఇదే గుంటలో పడకూడదని వివరంగా రాస్తున్నాను.

ముందు విమానం గురించి. రెక్క పొడవు ఈ కొస నుంచి ఆ కొసకి 800 మిల్లీమీటర్లు, వెడల్పు 150. పైదీ కిందిదీ ఒకే కొలత. బ్యాటరీతో కలిపి 320 గ్రాములు. రెక్కలు ఈపీపీ అనే వంగినా విరగని ఫోమ్, తోక డెప్రాన్ అనే పల్చటి ఫోమ్ రేకు. రెండు సెల్లుల 800 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 8 అంగుళాల ప్రొపెల్లర్, రెక్కల, తోక పలకల్ని కదిలించే నాలుగు చిన్న మోటార్లు (సర్వోలు). రెండు రెక్కల విస్తీర్ణం కలిపితే 24 చదరపు డెసిమీటర్లు, అంటే ఒక్కో చదరపు డెసిమీటరు మీద 13 గ్రాములకు కాస్త ఎక్కువ బరువు. ఇంత తేలికైన విమానం మనిషి పరుగెత్తేంత వేగంతోనే గాలిలో నిలబడుతుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

మోటార్ బిగించడం అరగంట పని. ఉల్టా తిరిగితే మూడు తీగల్లో ఏవైనా రెండు మార్చితే చాలు. రిసీవర్ బైండింగ్, అంటే విమానంలోని రిసీవర్‌ను రిమోట్‌తో జత చేయడం, రెండు నిమిషాల్లో అయిపోయింది. బెంచి మీద ఏ పరీక్ష చేసినా ప్రొపెల్లర్ తీసేసే చేయండి, ఇందులో మినహాయింపు లేదు. ఐలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) సరైన వైపే కదులుతున్నాయో లేదో చూడాలి: రిమోట్ స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి. జిగురు విషయంలో ఒక్క మాట. మామూలు సూపర్ గ్లూ ఈపీపీని ఏమీ చేయదు గానీ డెప్రాన్‌ను, థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. తోకకు ఫోమ్ కోసం చేసిన రకమే వాడాలి.

స్ట్రట్ల దగ్గర రెండు రాత్రులు పట్టింది. పై రెక్కను మోసే ఆ సన్నటి కర్రల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నా పై రెక్క మెలి తిరుగుతుంది. అప్పుడు విమానం ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతూ పోతుంది. నేను అట్టముక్కలతో రెండు అచ్చులు కోసుకుని, రెక్కల మధ్య నాలుగు చోట్లా ఎడం సమానంగా ఉందని చూసుకున్నాకే జిగురు పెట్టాను. మూడుసార్లు పడ్డా నా స్ట్రట్లు ఒక్కటి కూడా ఊడలేదు. ఈ పనిలో నాకన్నా బాగా చేసినవాళ్ళను ఆ మైదానంలో నేను చూడలేదు, ఇది గట్టిగానే చెబుతాను.

ఇక సీజీ. బడిలో గరిమనాభి అని చదువుకున్నాం కదా, అదే. విమానం బరువంతా ఏ చోట తూగుతుందో ఆ బిందువు. కిట్‌తో వచ్చిన కాగితంలో దాని గురించి ఉన్నది ఒకే వాక్యం: రెక్క ముందు అంచు నుంచి 45 మిల్లీమీటర్లు. పక్కన బొమ్మ లేదు, బాణం గుర్తు లేదు.

బైప్లేన్‌కు రెక్కలు రెండు. నా విమానంలో పై రెక్క కింది రెక్కకన్నా 30 మిల్లీమీటర్లు ముందుకు ఉంటుంది. దీన్ని స్టాగర్ అంటారు. ఏ రెక్క అంచు నుంచి 45? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. విమానాన్ని వేళ్ళ మీద నిలపాలంటే చేయి సహజంగా కింది రెక్క అడుక్కే పోతుంది. పై రెక్క కిందికి వేళ్ళు దూర్చాలంటే స్ట్రట్లు అడ్డం. కాబట్టి కింది రెక్క అడుగున 45 దగ్గర రెండు చుక్కలు పెట్టుకుని అక్కడే తూచాను.

బ్యాటరీ దాని అరలో ఉంచితే ముక్కు దబ్బున వాలిపోయింది. బ్యాటరీని 80 మిల్లీమీటర్లు వెనక్కి జరిపాను. ఇంకా వాలుతోంది. చివరికి తోకలో 15 గ్రాముల సీసం ముక్క అతికించాక గానీ తూగలేదు. 320 గ్రాముల విమానానికి 15 గ్రాముల సీసం, అదీ తోకలో. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కిట్ తయారు చేసినవాళ్ళు లెక్క తప్పారేమో, నేను సరిదిద్దాను అనుకున్నాను.

మొదటి రోజు గాలి లేదు, గడ్డి మెత్తగా ఉంది, ఎనిమిది మంది దాకా చూస్తున్నారు. థ్రాటిల్ (మోటార్ పవర్) ముప్పావు పెట్టి చేత్తో వదిలాను. వదిలిన మరుక్షణం ముక్కు ఆకాశం వైపు లేచింది. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను, అదే ఎలివేటర్‌ను, కాస్త కిందికి ఇచ్చాను, అంతే, నేల వైపు దూకింది. మళ్ళీ పైకి ఇచ్చాను, ఈసారి నిట్టనిలువుగా లేచి, వేగమంతా పోయి, ఒక రెక్క మీదికి ఒరిగి పడింది. మొత్తం నాలుగైదు సెకన్లు. ప్రొపెల్లర్ విరిగింది.

అక్కడ ఏళ్ళ తరబడి ఎగరేస్తున్న ఒకాయన ఉన్నారు. పేరు చెప్పను. "వేగం చాల్లేదండీ, ఫుల్ థ్రాటిల్‌తో విసరండి" అన్నారు. కొత్త ప్రొపెల్లర్ వేసి అలాగే చేశాను. ఇంకా ఘోరంగా పడింది. వేగం పెరిగితే ఎలివేటర్ ప్రతి కదలికకూ ఇంకా ఎక్కువగా స్పందిస్తుంది, అది తర్వాత తెలిసింది. మోటార్ కూర్చునే ముక్కు భాగం పగిలింది. అప్పుడాయన అందరికీ వినపడేలా, "చేతిలో నిదానం లేకుండా బైప్లేన్ జోలికి ఎందుకండీ? ముందు సిమ్యులేటర్‌లో నేర్చుకుని రండి" అన్నారు. ఇద్దరు నవ్వారు. పగిలిన ముక్కలు ఏరుకుంటూ తల ఎత్తలేకపోయాను.

కిట్ అమ్మినవాళ్ళకు రాశాను. కాగితంలో ఉన్నట్టు చేయండి అని ఒక్క లైను జవాబు వచ్చింది. కాగితంలో ఉన్నది ఏ రెక్క అని అడగాలని నాకు తెలియదు, చెప్పాలని వాళ్ళకు అనిపించలేదు.

రెండు వారాలు రోజూ గంట చొప్పున సిమ్యులేటర్ మీద కూర్చున్నాను. అందులో బైప్లేన్‌ను గుండ్రంగా తిప్పాను, దించాను, గాలి పెట్టుకుని కూడా దించాను. ధైర్యం వచ్చింది. మళ్ళీ మైదానానికి వెళ్ళాను. మూడోసారీ అదే: లేవడం, దూకడం, లేవడం, పడటం. ఈసారి ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. నేర్పే స్థానంలో ఉన్నవాళ్ళు ముందు విమానాన్ని చేత్తో పట్టుకుని చూడాలి, ఆ తర్వాతే మనిషి గురించి మాట్లాడాలి. పది సెకన్ల పని అది. ఆ పది సెకన్లు పెట్టకుండా కొత్తవాడి చేయి మంచిది కాదని తేల్చేస్తే, వాడు సామానంతా అటక మీద పెట్టేసి మళ్ళీ ముట్టుకోడు. నేనూ ఆ రోజు దాదాపు ఆ పనే చేయబోయాను.

సంచీ సర్దుకుంటుంటే ఒక పెద్దాయన వచ్చారు. అంతకు ముందు ఆయన్ని అక్కడ చూడలేదు. "ఇలా ఇవ్వు బాబూ" అని విమానం తీసుకుని, రెండు చేతుల చూపుడు వేళ్ళూ స్ట్రట్ల పక్క నుంచి పోనిచ్చి, పై రెక్క అడుగున ముందు అంచుకు కాస్త వెనక ఆనించి లేపారు. తోక వేలాడిపోయింది.

"ఎక్కడ తూచావు?"

"కింది రెక్క దగ్గరండీ, 45లో."

"పై రెక్క నుంచి కొలవాలి బాబూ. నువ్వు తూచింది పైనుంచి లెక్కేస్తే 75 అయింది. ఇది ఎవరి చేతిలోనైనా పడుతుంది, నా చేతిలో అయినా పడుతుంది."

ఆ చివరి మాట విన్నాక నాకు గొంతు పట్టేసింది.

ఆయన ఒక పుల్ల తీసుకుని మట్టిలో గీసి చూపించారు. ఒక్కో రెక్క మీద లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే బలం, దాదాపు ముందు అంచు నుంచి పావు వెడల్పు దగ్గర పని చేస్తుంది. 150లో పావు 37.5. కింది రెక్క 30 వెనక ఉంది కాబట్టి దాని పావు, పై అంచు నుంచి కొలిస్తే 67.5 అవుతుంది. రెండింటికీ నడిమి 52.5. బరువు దానికి కాస్త ముందు ఉండాలి. అదీ 45 కథ. నా లెక్కలో బరువు 75లో ఉంది, ఎంతో వెనక. తోక ఇచ్చే స్థిరత్వం కూడా దాన్ని కాపాడలేదు. బాణానికి బరువు ములుకు దగ్గర, ఈకలు వెనక ఉంటేనే అది సూటిగా పోతుంది. బరువు ఈకల దగ్గర కట్టి వదిలితే ఏమవుతుందో నా విమానానికి అదే అయింది. ముక్కు కాస్త లేస్తే, లేచిన కొద్దీ ఇంకా లేస్తుంది. వాలితే, వాలిన కొద్దీ ఇంకా వాలుతుంది. దాన్ని వేళ్ళతో ఆపడం మనిషి వల్ల కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పారు. కింది రెక్క మీద తూచినప్పుడు విమానం బరువులో చాలా భాగం వేళ్ళకు పైన ఉంటుంది, అందుకే ఊరికే దొర్లిపోతుంది. నిజమే, ఆ రాత్రి అది ఎన్నిసార్లు పక్కకు దొర్లిందో, నా చేతులు సరిగా లేవనుకున్నాను. పై రెక్క నుంచి లేపితే బరువు కింద వేలాడుతుంది, త్రాసులా స్థిరంగా నిలుస్తుంది, తేడా వెంటనే కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక రైట్ సోదరుల గురించి మళ్ళీ చదివాను. వాళ్ళదీ బైప్లేనే. 1903 డిసెంబర్ 17న మొదటిసారి లేచినప్పుడు 12 సెకన్లలో 120 అడుగులు పోయింది, అదీ పైకీ కిందికీ ఊగుతూనే. ఆ విమానం కూడా ముక్కు విషయంలో నిలకడ లేనిదే. 1904లో తయారు చేసిన రెండో విమానానికి ముందు భాగంలో 70 పౌండ్ల ఇనుము కట్టాల్సి వచ్చింది. నేను తోకలో సీసం పెట్టాను, వాళ్ళు ముందు ఇనుము పెట్టారు. ఆ ఒక్క వాక్యం ముందే చదివి ఉంటే నాకు మూడు ప్రొపెల్లర్లు మిగిలేవి.

సీసం పీకేశాను. బ్యాటరీ దాని అరలోకి వెళ్ళింది. పై రెక్క అడుగున 45 దగ్గర రెండు వైపులా నల్ల మార్కర్‌తో చుక్కలు పెట్టి, అక్కడ దారం కట్టి వేలాడదీశాను. ముక్కు ఒక్క వెంట్రుక వాసి కిందికి వంగి ఆగింది. సరిగ్గా అలాగే ఉండాలన్నారు పెద్దాయన.

ఇవాళ సగం కన్నా కొంచెం ఎక్కువ థ్రాటిల్ పెట్టి, గాలికి ఎదురుగా, సమాంతరంగా, విసరకుండా తోసినట్టు వదిలాను. పోయింది. నిజంగా అలా పోయింది, అంతే. స్టిక్ ముట్టుకోవాల్సిన పని లేకుండా ఇరవై అడుగులు సూటిగా వెళ్ళి, మెల్లగా ఎత్తు పట్టింది. నా నోటి నుంచి మాట రాలేదు. పక్కన పెద్దాయన "తిప్పు, తిప్పు, దూరం పోతోంది" అంటే గానీ తేరుకోలేదు.

ఎగరడం మొదలయ్యాక తెలిసినవి కొన్ని. ఐలరాన్ ఒక్కటే ఇస్తే ముక్కు ముందు తప్పు వైపుకు జరిగి తర్వాత తిరుగుతుంది, కాబట్టి అదే వైపు రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండే పలక) కూడా కాస్త ఇవ్వాలి. రెండు రెక్కలు, అన్ని స్ట్రట్లు కలిసి గాలిని బాగా అడ్డుకుంటాయి. థ్రాటిల్ మూసేస్తే ఒక్క రెక్క విమానంలా తేలుతూ రాదు, రాయిలా దిగుతుంది. దించేటప్పుడు చక్రాలు నేలకు తగిలేదాకా కొంచెం పవర్ ఉంచాలి. ఇది నాకు మొదటి ల్యాండింగ్‌లోనే పెద్దాయన పక్కన నిలబడి చెప్పారు: "మూయకు, మూయకు, ఇప్పుడు మూయి."

గడ్డిలో నాలుగు గజాలు దొర్లి ఆగింది. ముక్కు మీద పడలేదు.

ఆ ఏళ్ళ తరబడి ఎగరేస్తున్నాయన కూడా అక్కడే ఉన్నారు. దగ్గరికి వచ్చి, "సీజీ మార్చారా?" అని అడిగారు. అవునన్నాను. పై రెక్క అడుగున ఉన్న నల్ల చుక్కలు చూపించాను. చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

బ్యాటరీ విప్పి కొలిస్తే ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంది. అలాగే దాచేయొచ్చు, కానీ చార్జింగ్‌కు పెట్టాను. రేపు పొద్దున్నే గాలి లేవక ముందు మళ్ళీ వెళ్తున్నాను.