మత్తుమందుకు ముందు ఒక రక్తపరీక్ష: పర్లాకిమిడిలో నా అనుభవం

పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించుకుని నిన్ననే ఇంటికి చేరాను. స్కానింగు, ఈసీజీ, ఆపరేషన్ తేదీ అన్నీ సాఫీగానే జరిగాయి. నన్ను ఏడిపించింది ఒక్క రక్తపరీక్షే.

మేము ఆర్యవైశ్యులం. మత్తు డాక్టర్లు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము రక్తంలో లేనివారికి మాత్రం గంటల తరబడి దిగదు, అంతసేపూ వారు సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మా మేనమామను హెర్నియా ఆపరేషన్ తరువాత రాత్రంతా వెంటిలేటరు మీద ఉంచవలసి వచ్చింది ఇందుకే. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వైశ్యులలో ఈ లోపానికి కారణమైన జన్యుమార్పును 2006లోనే ప్రకటించారు. ఇతరులకంటే మాలో ఇది సుమారు నూరు రెట్లు ఎక్కువని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం పేర్కొంది. పైగా మా అమ్మానాన్నలది మేనరికం.

ఇదంతా చెబితే మత్తు డాక్టరుగారు నవ్వి, "ఇక్కడ కులం చూసి మత్తు ఇవ్వమండీ" అన్నారు. నేను పట్టు వదలకపోయేసరికి సీరం కోలినెస్టరేజ్ అని, అంటే రక్తంలో ఆ ఎంజైము ఎంతుందో చూసే పరీక్షకు, చీటీ రాసి పడేశారు.

ఆ చీటీ చూడగానే లేబ్‌లోని పెద్దమనిషి కళ్లద్దాలు పైకి నెట్టుకుని, వరుసలో అందరూ వినేలా, "పురుగులమందు ఎప్పుడు తాగారు?" అని ఒడియాలో అడిగారు. పురుగులమందు అణచివేసేది ఈ ఎంజైమునే కనుక, తాగినవారికి చేసే పరీక్షా ఇదేనట. నేను తాగలేదని ఎంత చెప్పినా వినకుండా, పోలీసులకు తెలపనిదే రక్తం తీయనన్నారు. నా భార్యను పక్కకు పిలిచి ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని ఆరా తీశారు. ఆయన ఫారంలో విషప్రయోగానికి గడి ఉంది, కాలేయవ్యాధికి గడి ఉంది, వంశపారంపర్యానికి లేదు. దేశంలో పదివేలమంది జన్యుపటాల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చిందని పేపర్లో చదివాను. మా ఊరి ఫారంలోకి ఆ ఒక్క గడి ఎప్పుడు వస్తుందో! చివరికి డాక్టరుగారికి ఫోను చేయిస్తే గాని సూది గుచ్చలేదు. సాయంత్రానికి మా బట్టల కొట్టుకు ఇద్దరు పరామర్శకు కూడా వచ్చారు.

ఫలితంలో ఎంజైము దాదాపు శూన్యం. "చూశారా, నేను చెప్పలేదూ!" అన్నట్టు చూసి కాగితం చేతిలో పెట్టాడు లేబ్ పెద్దమనిషి. మత్తు డాక్టరుగారు మాత్రం ఈసారి నవ్వలేదు. సక్సినైల్‌కోలిన్ ఇవ్వరాదని కేస్‌షీటు మీద ఎర్రసిరాతో రాసి, ఈ ఎంజైముతో పనిలేని అట్రాక్యూరియం వాడారు. ఆపరేషన్ అయిన కాసేపటికే ఊపిరి నేనే తీసుకున్నాను.

మనవాళ్లెవరైనా ఈ పరీక్షకు వెళితే, "వంశపారంపర్య లోపం అనుమానం" అని చీటీ మీదే డాక్టరు చేత రాయించుకోండి, లేబ్‌వాళ్లతో వాదనకు దిగకండి. డిశ్చార్జి కాగితంలోనూ ఆ మాట రాయించుకోండి. తోబుట్టువులలో ఒక్కొక్కరికి ఈ లోపం ఉండే అవకాశం కనీసం నాలుగో వంతు కనుక మా తమ్ముడి రక్తం కూడా పరీక్షకు ఇచ్చాము, అయితే పాతపట్నం దాటించి శ్రీకాకుళం పంపించి.