లక్షలో రవ్వ ఉంగరం: రాయికి ఎంత మిగులుతుంది?

నెల్లూరైనా ఒంగోలైనా, నిశ్చితార్థానికి రవ్వ ఉంగరం, అంటే వజ్రపుటుంగరం, కావాలని కొట్లో అడగ్గానే ముందు ట్రేలు బయటికొస్తాయి, ధర మాట చివర్లో వస్తుంది. దాన్ని తిరగేయండి. గడప తొక్కకముందే పన్నుతో సహా ఎంత పెట్టగలరో ఇంట్లోనే ఖాయం చేసుకుని, అందులోంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. అప్పుడే రాయికి ఎంత మిగులుతుందో తేలుతుంది.

లక్ష అనుకుందాం. నగ మీద జీఎస్టీ 3 శాతం. అది పోను చేతిలో ఉండేది సుమారు 97,000. లెక్క తేలిగ్గా ఉండటానికి 18 క్యారెట్ల బంగారం గ్రాము పదివేలనీ, మజూరీ, తరుగు కలిపి 15 శాతమనీ పెట్టుకుందాం. మూడు గ్రాముల ఉంగరానికి బంగారం 30,000, మజూరీ 4,500. రాయికి 62,500 మిగులుతుంది. అదే ఐదు గ్రాముల ఉంగరమైతే బంగారం, మజూరీ కలిసి 57,500 అవుతాయి. రాయికి మిగిలేది 39,500 మాత్రమే. "చేతికి నిండుగా ఉంటుందమ్మా" అంటూ బరువైన డిజైను చూపించినప్పుడు ఆ నిండుదనం రాయి డబ్బుల్లోంచే వస్తోందని గుర్తుపెట్టుకోండి.

బంగారం 18 క్యారెట్లు అంటే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు, 916, అంటే 22 క్యారెట్లు, కావాలంటారు. గొలుసుకీ గాజుకీ అది సరే. ఒంటిరాయి ఉంగరంలో రాయిని పట్టుకునేవి సన్నటి గోళ్లు. 22 క్యారెట్ల బంగారం మెత్తన కాబట్టి తలుపు గొళ్లేనికో బిందె అంచుకో తగిలితే ఆ గోరు వంగుతుంది, రాయి జారిపోతుంది. 18 క్యారెట్లలో 75 శాతం బంగారమే. ముద్ర 750 అని ఉంటుంది. గుండ్రటి రాయికి నాలుగు గోళ్ల కన్నా ఆరు మంచివి, ఒకటి వంగినా మిగతా ఐదు పట్టుకుంటాయి.

ఇక రాయి. మన వైపు ఎక్కువ డబ్బు వృథా అయ్యేది స్వచ్ఛత గ్రేడు దగ్గరే. కాకపాదం, నల్లచుక్క, గీత ఉన్న రవ్వ దోషమన్న నమ్మకం ఇళ్లలో గట్టిగా ఉంది, అందుకే కొట్లన్నీ పై గ్రేడైన వీవీఎస్ అనే పదాన్నే ముందుకు తోస్తాయి. నిజానికి వీవీఎస్ రాయిలోని మచ్చ పదిరెట్లు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం) కింద కూడా తర్ఫీదు పొందిన కంటికే కష్టంగా దొరుకుతుంది. దాని కింది గ్రేడు వీఎస్ రాయిలో లూప్ పెట్టి వెతికితే దొరుకుతుంది, ఉత్త కంటికి కనపడదు. కాబట్టి వీఎస్1 లేదా వీఎస్2 తీసుకుని, లూప్ అడిగి పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి. నల్లచుక్క లేదని వాళ్ల కంటితో వాళ్లే చూసుకుంటే మనసు కుదుటపడుతుంది, డబ్బూ మిగులుతుంది. రంగు విషయంలోనూ అంతే. రంగు లేని పై గ్రేడులైన డీ, ఈ, ఎఫ్ అక్షరాల తెల్లదనం పచ్చబంగారంలో కూర్చోబెట్టాక పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. వాటి తర్వాతి జీ, హెచ్ చాలు. బ్లూజాగర్ (నీలిఛాయ తెల్లరాయి) అని చెబితే రాయితో వచ్చే సర్టిఫికెట్లో ఏ అక్షరం ఉందో చూపించమనండి.

మిగిలిన డబ్బు కోతకి పెట్టండి, అంటే కట్‌కి. రాయి మెరిసేది దానివల్లే, ఇక్కడ మాత్రం రాజీ పడొద్దు. గుండ్రటి రాయికి సర్టిఫికెట్లో కట్, పాలిష్, సిమెట్రీ మూడూ ఎక్సలెంట్ ఉండాలి. అందులోనే మిల్లీమీటర్ల కొలత ఉంటుంది, దాన్ని తప్పక చూడండి. రాయి తూకంలో క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అందులో వందో వంతు సెంటు. బాగా కోసిన 30 సెంట్ల రాయి అడ్డం దాదాపు 4.3 మిల్లీమీటర్లు, 50 సెంట్లది 5.1, క్యారెట్‌ది 6.4 ఉంటుంది. 50 సెంట్లని రాసి 4.8 మాత్రమే ఉంటే బరువంతా అడుగున దాక్కున్నట్టు. డబ్బు 50 సెంట్లకి ఇస్తారు, కంటికి మాత్రం 40 సెంట్ల రాయిలా కనపడుతుంది, మధ్యలో నల్లగా మసకగా కూడా ఉండొచ్చు.

ఇంకో సంగతి, 30, 50, 70 సెంట్లు, క్యారెట్ దగ్గర సెంటు ధరే ఒక్కసారి ఎగబాకుతుంది. 47, 48 సెంట్ల రాయి అడగండి. వేలి మీద ఆ తేడా ఎవరికీ కనపడదు.

కొట్లో స్పాట్‌లైట్ కింద ప్రతి రాయీ మెరుస్తుంది. ఉంగరాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి నీడపట్టున పగటి వెలుతురులో చూడండి, తర్వాత ఎండలో చూడండి. సర్టిఫికెట్లో ఫ్లోరోసెన్స్ (అతినీల కిరణాలకి రాయి వెలిగే గుణం) స్ట్రాంగ్ అని ఉంటే కొన్ని రాళ్లు ఎండలో పాలు కలిపినట్టు మసకబారతాయి. మన ఎండల్లో అది ఇట్టే తెలుస్తుంది.

ఏడు రాళ్ల పువ్వు డిజైను ఒంటిరాయి కన్నా చాలా చవక. ఐదేసి సెంట్ల రాళ్లు ఏడు కలిస్తే 35 సెంట్లు, కానీ 35 సెంట్ల ఒక్క రాయి ధర వేరు. బడ్జెట్ తక్కువైతే పువ్వు మంచి దారే. బిల్లులో మొత్తం బరువుతో పాటు రాళ్ల సంఖ్య కూడా రాయించుకోండి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా వజ్రమే. మామూలు డైమండ్ టెస్టర్ రెండిటికీ ఒకేలా కూస్తుంది, వజ్రంలా కనపడే వేరే రాయి మాయిశనైట్‌కి కూడా చాలా టెస్టర్లు అలాగే కూస్తాయి. అందుకే టెస్టర్‌ని నమ్మకుండా వజ్రాలకి గ్రేడు ఇచ్చే జీఐఏ, ఐజీఐ సంస్థల సర్టిఫికెట్ నంబరు వాళ్ల వెబ్‌సైట్లో కొట్టి చూడండి. రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటే దానితో సరిపోల్చండి. ల్యాబ్ రాయి చాలా తక్కువకి పెద్దది వస్తుంది, తిరిగి అమ్మితే మాత్రం చాలా తక్కువే వస్తుంది. పెళ్లికొడుకు వాళ్లకి తెలిసి కొంటే తప్పేం లేదు, అవతలివాళ్లకి చెప్పకుండా పెడితే రేపు మాటలు పడతాయి.

వేలి కొలత చాలామంది చివరికి వదిలేస్తారు. అమ్మాయి అదే వేలికి పెట్టుకునే ఉంగరం ఒకటి తెప్పించి లోపలి అడ్డం కొలవండి. 16.5 మిల్లీమీటర్లుంటే చుట్టుకొలత సుమారు 52. అందులోంచి 40 తీసేస్తే 12, ఇంచుమించు అదే మన కొట్లవాళ్లు చెప్పే సైజు. ఎడమ చెయ్యో కుడి చెయ్యో అడిగి తెలుసుకోండి, రెండూ ఒక్కలా ఉండవు. రోహిణి కార్తెలో వేళ్లు ఉబ్బుతాయి, పుష్యమాసం పొద్దున్నే సన్నబడతాయి. ఏ కాలమైనా సాయంత్రం కొలవడం మేలు. చుట్టూ రాళ్లున్న ఉంగరం తర్వాత సైజు మార్చడం దాదాపు కుదరదు. కింది భాగం వట్టి బంగారం ఉన్నదే తీసుకోండి.

ఆషాఢంలో చెన్నై టీ నగర్‌కి రైలెక్కేవాళ్లు తగ్గింపు దేని మీదో అడగాలి. మజూరీ మీదా, రాయి మీదా? బోర్డు మీది శాతం కాదు, తగ్గింపు పోను రాయి క్యారెట్ ధర ఎంతో రాసుకుని మన ఊరి ధరతో పోల్చండి.

బిల్లులో మొత్తం బరువు, నికర బరువు విడివిడిగా ఉండాలి. 3.100 గ్రాముల ఉంగరంలో 30 సెంట్ల రాయి ఉంటే రాయి 0.060, బంగారం 3.040. బంగారం ధర నికర బరువుకే కట్టాలి, లేకపోతే రాయికి రెండుసార్లు డబ్బిచ్చినట్టు, దాని మీద మజూరీ, పన్ను అదనం. హాల్‌మార్క్‌తో పాటు నగ మీద ఉండే ఆరు అక్షరాలు, అంకెల గుర్తు హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. రెండు గ్రాముల లోపు నగకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ఆ ముద్ర చెప్పేది బంగారం గురించే, రాయి గురించి కాదు. మార్పిడికి ఎంత శాతం, డబ్బు వెనక్కి అడిగితే ఎంత శాతం అన్నది నోటిమాటగా వదలకుండా బిల్లు మీదే రాయించి సంతకం పెట్టించండి.