జీవపరిణామం యూనిట్ పూర్తి చేశాను: నా అనుభవం

నిన్ననే యూనిట్ అయిపోయింది. నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. లామార్క్, డార్విన్, డార్విన్ 1859 నాటి పుస్తకం, గాలపాగస్ పిచ్చుకలు రెండు క్లాసుల్లో అయిపోయాయి. వాటితో ఎవరికీ పేచీ లేదు.

మనిషి దగ్గరికి వచ్చాక ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఇది నమ్మితే పాపం కాదా?" అంది. మా క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు, ఈ భయం అందరిలోనూ ఉంది. నేను తొందరపడి "ఇక్కడ దేవుడి మాట వద్దు, కూర్చో" అన్నాను. అలా అనకూడదు. మీరెవరూ అనకండి. పరిణామాన్ని జీవితమంతా పరిశోధించిన డోబ్‌జాన్‌స్కీ దేవుణ్ణి నమ్మినవాడే. ఆ ఒక్క మాట చెప్పినా సరిపోయేది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి పిలుపు వచ్చింది. అమ్మాయి నాన్న, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. నన్ను కూర్చోమనలేదు. "మా తాతలు కోతులంటరా మేడమ్?" అన్నాడాయన. కోతి నుంచి కాదు, కోతులకూ మనకూ పూర్వీకులు ఒకరేనని చెప్పబోతే ప్రిన్సిపాల్ అడ్డుకున్నారు. సిలబస్ కాగితం టేబుల్ మీదే ఉంది, తెరవలేదు. "ఆ టాపిక్ వదిలేసి నోట్స్ ఇచ్చేయండి" అన్నారు. వివరణ రాసివ్వమన్నారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో అటెండర్ ముందు అలా నిలబడటం అదే మొదటిసారి. చేతులు వణికాయి. అయినా ఒకే వాక్యం రాశాను: సిలబస్‌లో ఉన్నదే చెప్పాను, ఇకముందూ చెప్తాను. తోటి లెక్చరర్లలో ఒక్కరూ నా వెంట రాలేదు.

బయట వరండాలో ఆ అమ్మాయి నాన్ననే అడిగాను, చేలో ఏం వేశారని. పత్తి. బీటీ అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన పత్తి. మన దేశంలో దానికి 2002లో అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువులది వచ్చింది. అయినా కాయను తొలిచే గులాబీ పురుగు మళ్లీ ఎందుకొచ్చింది? ఆ విషానికి చావని పురుగులు ఏవో కొన్ని మిగిలాయి, వాటి పిల్లలే చేనంతా నిండాయి. పరిణామమంటే ఇదే. 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ సంచి ఇచ్చేవాళ్లు కదా, అది చేను చుట్టూ వేయడానికి. అక్కడ బతికే మామూలు పురుగులు ఆ చావని పురుగులతో జతకడితే మొండి పురుగులు తొందరగా పెరగవు.

"మేం పారేసినం గద మేడమ్" అన్నాడాయన. చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు ఆ అమ్మాయే పుచ్చిన పత్తికాయలు కవర్లో తెచ్చింది. క్లాసంతా కాయలు చీల్చి చూసింది. మన జిల్లాల్లో పాఠం చెప్పేవాళ్లు కోతితో కాదు, పత్తికాయతో మొదలుపెట్టండి.

నా వివరణకు ప్రిన్సిపాల్ ఇంకా జవాబివ్వలేదు. మనిషి పరిణామం మీద ఇంటర్నల్‌లో పది మార్కుల ప్రశ్న ఇచ్చాను.