బకాయి లెటర్: లెటర్‌హెడ్ నుంచి స్పీడ్ పోస్టు రసీదు దాకా

సరుకు చేరింది, బిల్లు చేరింది, ఫోన్ చేస్తే "వచ్చే వారం చూద్దాం లెండి" అంటారు. వరంగల్‌లో దర్రీల (జంపఖానాల) యూనిట్లవాళ్లయినా, మిల్లులకు స్పేర్ పార్టులు చేసిచ్చే లేత్ షెడ్లవాళ్లయినా ఈ దశలో డీటీపీ సెంటర్‌కు పోయి "గట్టిగా ఒక లెటర్ కొట్టు తమ్మీ" అంటారు. అతను పాత ఫైలు ఒకటి తెరిచి పేర్లు మార్చి ప్రింట్ తీసిస్తాడు. అందులో "మీ వైఖరి తీవ్ర ఆవేదన కలిగించింది" అని ఉంటుంది, బిల్లు నంబరు మాత్రం ఉండదు.

ఆ కాగితం ముందుగా వచ్చిన ఉత్తరాలు నమోదు చేసుకునే ఇన్‌వర్డ్ గుమాస్తా చేతికి, తర్వాత అకౌంట్స్ సెక్షన్‌కు పోతుంది. పైసలు రాకపోతే చివరికి వకీలు ముందుకు చేరుతుంది. ఫోన్‌లో మీరేం మాట్లాడుకున్నారో ఈ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. వాళ్లకు కావలసినవన్నీ ఆ ఒక్క కాగితం మీదే దొరకాలి.

లెటర్‌హెడ్‌తో మొదలుపెడదాం. కంపెనీగా రిజిస్టర్ అయితే 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య), ఫోన్, ఈమెయిల్, వెబ్‌సైట్ ఉంటే అదీ లెటర్ మీద ఉండి తీరాలి. ప్రొప్రైటర్‌షిప్‌కు, పార్ట్‌నర్‌షిప్‌కు సీఐఎన్ ఉండదు. పేరు, చిరునామా, ఫోన్, జీఎస్టీ నంబరు, ఉద్యం (చిన్న పరిశ్రమల నమోదు) నంబరు సరిపోతాయి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, తెలంగాణది 36తో మొదలవుతుంది. ప్రింటింగ్ ప్రెస్సుకు ఇచ్చే ముందు సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. పాత లెటర్‌హెడ్లు కట్టలు కట్టలుగా మిగిలిపోయి ఇంకా "వరంగల్ అర్బన్ జిల్లా" అనే వేసుకునేవాళ్లున్నారు. 2021 ఆగస్టులోనే అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. పిన్‌కోడ్ కూడా చూసుకోవాలి: హనుమకొండ హెడ్ పోస్టాఫీసుది 506001, వరంగల్‌ది 506002. ఇంకొక సంగతి, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా అని ఆ ముద్రను లెటర్‌హెడ్ మీద అచ్చు వేయించొద్దు. ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదైనవాళ్లకే ఆ హక్కు.

కాగితం ఎ4. ఎడమ మార్జిన్ ఒకటింపావు అంగుళం, మిగతావి ఒక్కో అంగుళం. ఎడమ వైపు ఎక్కువ ఎందుకంటే పంచింగ్ మెషిన్ రంధ్రం అంచు నుంచి 12 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. మార్జిన్ తక్కువుంటే బిల్లు నంబరులో మొదటి అంకె ఎగిరిపోతుంది. అచ్చువేసిన లెటర్‌హెడ్ అయితే పైన ఎంత వదలాలో స్కేలు పెట్టి కొలిచి ఆ కొలతనే టాప్ మార్జిన్‌గా ఇవ్వాలి, ఎంటర్లు కొట్టుకుంటూ కిందికి జరపొద్దు.

తెలుగులో టైపు చేయిస్తుంటే ఫాంట్ దగ్గరే అసలు తిప్పలు. చాలా సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లే నడుస్తున్నాయి. ప్రింట్ చక్కగా వస్తుంది. అదే వర్డ్ ఫైలును మెయిల్‌లో పంపితే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో, అంటే నిర్మలా యూఐ, గౌతమి, మండలి లాంటి ఫాంట్లలో టైపు చేయమని ముందే చెప్పండి. సైజు 12. లైన్ స్పేసింగ్‌లో "ఎగ్జాక్ట్‌లీ" పెడితే వత్తులు కింద తెగిపోతాయి కాబట్టి "మల్టిపుల్" ఎంచుకుని 1.15 నుంచి 1.3 మధ్య ఉంచాలి. పంపేది మాత్రం పీడీఎఫ్.

ఇక లెటర్. కొత్తవాడలోని ఒక దర్రీల యూనిట్ హైదరాబాద్ షోరూముకు రాస్తోందనుకుందాం. వివరాలన్నీ ఊహించినవే.

రిఫ. నం.: 2025-26/041
తేదీ: 12-01-2026

మేనేజర్ (అకౌంట్స్) గారికి,
(సంస్థ పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్)

విషయం: బిల్లు నం. 118, తేదీ 14-11-2025 – బకాయి రూ. 76,000 చెల్లింపు గురించి.
సూచిక: 1) మీ పర్చేజ్ ఆర్డర్ నం. 57, తేదీ 03-11-2025. 2) మా డెలివరీ చలానా నం. 118.

ఆర్యా,

సూచిక 1లోని ఆర్డరు ప్రకారం 120 దర్రీలు పంపాము. సరుకు 17-11-2025న మీ గోదాముకు చేరింది. మీ స్టోర్స్ విభాగం వారు చలానాపై సంతకం చేశారు.

బిల్లు మొత్తం రూ. 1,26,000. అందులో 02-12-2025న రూ. 50,000 అందింది. ఇంకా రూ. 76,000 (డెబ్బై ఆరు వేల రూపాయలు) రావలసి ఉంది. ఆర్డరులో ఒప్పుకున్న 30 రోజుల గడువు 17-12-2025తో ముగిసింది. సరుకు గురించి మీ నుంచి రాతపూర్వక అభ్యంతరం ఏదీ రాలేదు.

ఈ మొత్తాన్ని 27-01-2026లోగా దిగువ ఖాతాలో జమ చేయగలరు. లెక్కలో తేడా ఉంటే అదే తేదీలోగా రాతపూర్వకంగా తెలపగలరు.

ఇట్లు,
(సంస్థ పేరు తరఫున)
సంతకం, పేరు, హోదా, ముద్ర

జతపరచినవి: 1) బిల్లు నకలు – 1 పేజీ. 2) సంతకమైన చలానా నకలు – 1 పేజీ. 3) పర్చేజ్ ఆర్డర్ నకలు – 2 పేజీలు.

ఇంతే, పేజీ దాటదు. ఖాతా వివరాలు సంతకానికి పైన రెండు లైన్లలో వస్తాయి: ఖాతా పేరు, నంబరు, బ్యాంకు, బ్రాంచి, ఐఎఫ్ఎస్సీ. ఐఎఫ్ఎస్సీ 11 అక్షరాలు, అందులో అయిదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఇంగ్లిష్ 'ఓ' కొడితే డబ్బు పంపేవాళ్ల సిస్టం తీసుకోదు, మళ్లీ వారం ఆలస్యానికి వాళ్లకొక సాకు దొరుకుతుంది. ఈ కోడ్‌ను, జీఎస్టీ నంబరును తెలుగు లెటర్‌లో కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే వేయాలి.

విషయం లైనులో "బకాయి గురించి" అని వదిలేస్తే గుమాస్తా దాన్ని ఏ ఫైల్లో పెట్టాలి? బిల్లు నంబరు, తేదీ, మొత్తం మూడూ అక్కడే పడాలి. "వీలైనంత త్వరగా" అనే మాటకు అకౌంట్స్ సెక్షన్‌లో విలువ లేదు, గడువు తేదీ వేయండి. అభ్యంతరం రాలేదన్న వాక్యం చాలామంది రాయరు. నా లెక్కలో లెటర్ మొత్తానికి బలం అదే. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే దాన్ని అంగీకరించిన రోజు. గడువు అక్కడి నుంచే లెక్క.

ఆ చట్టం (2006) 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, రాసుకున్న ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ కింద ఆర్బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఈ పేరాను మొదటి లెటర్‌లో పెట్టాల్సిన పనిలేదు, ముందుముందు వ్యాపారం సాగాలి కదా. గడువు దాటాక రెండో లెటర్‌లో పెట్టి, వడ్డీ లెక్కను విడిగా పట్టిక వేసి జతచేయండి. అయితే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి కొని అమ్మే ట్రేడర్లు దీన్ని చూసి కాపీ కొట్టొద్దు. ట్రేడర్లకు ఉద్యం నమోదు ఇస్తున్నది ప్రాధాన్య రంగ రుణాల కోసమే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ వాళ్లకు రాదు. తయారీ, సేవల రంగాల్లోని సూక్ష్మ, చిన్న యూనిట్లకే అది. వర్తించని సెక్షన్‌తో బెదిరిస్తే అవతలి ఆడిటర్ ఒక్క లైనులో కొట్టిపారేస్తాడు.

సంతకం విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. ముద్రను సరిగ్గా సంతకం మీదే గుద్దితే జిరాక్సులో రెండూ కలిసి నల్లటి మచ్చ అవుతాయి, పక్కన వేయండి. రెండో పేజీకి పోవలసి వస్తే సంతకం ఒక్కటే అక్కడ పడకూడదు. వేరే కాగితానికి తగిలించారనే వాదనకు అది చోటిస్తుంది. కనీసం రెండు మూడు లైన్ల విషయం దానితోపాటు పోవాలి, పైన రిఫరెన్స్ నంబరు, తేదీ, పేజీ నంబరు ఉండాలి.

జతపరచేవి ఎప్పుడూ నకళ్లే. సంతకమైన అసలు చలానా చేయి దాటితే మళ్లీ దొరకదు.

చేతితో ఇస్తే రెండు కాపీలు తీసుకుపోయి, రెండో దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. "పెట్టిపోండి, చూస్తాం" అంటే అక్కడ పెట్టి రాకుండా పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్‌లో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ కూడా కావాలని అడిగితే చిరునామాదారుకే అందజేస్తారు. రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని ఆఫీసు కాపీ మీద రాసి రసీదును అక్కడే పిన్ చేయాలి, డెలివరీ అయ్యాక ట్రాకింగ్ పేజీని ప్రింట్ తీసి జతచేయాలి. థర్మల్ రసీదు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, అదే రోజు జిరాక్స్ తీసుకోండి. వాట్సాప్‌లో కూడా పీడీఎఫ్ పంపండి, కానీ నీలం టిక్కులు చూసుకుని పోస్టు మానేయొద్దు.

ఏటా మార్చి తర్వాత రాయాల్సిన లెటర్ ఇంకొకటుంది, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్, అంటే బాకీ ఎంతో అవతలివాళ్లతో ధ్రువీకరించుకోవడం. అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. ఆ లోపు బాకీ ఉన్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, 1963 లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ సంతకం రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. మీరే బాకీ ఉన్న పక్షం అయితే ఇదే సెక్షన్ మీకు ఎదురు తిరుగుతుంది. లెక్కలో పేచీ ఉన్నప్పుడు "మిగతాది త్వరలో సర్దుబాటు చేస్తాం" అని మర్యాదకు రాసిన వాక్యం కూడా ఒప్పుకోలు కిందికి రావచ్చు. కన్ఫర్మేషన్ లెటర్‌లో "31-03-2026 నాటికి మా ఖాతాల ప్రకారం మీరు రూ. 76,000 బాకీ ఉన్నారు, సరిచూసి ధ్రువీకరించగలరు" అని రాసి, కింద వాళ్ల సంతకానికి, పేరుకు, హోదాకు, తేదీకి, ముద్రకు చోటు వదిలి రెండు ప్రతులు పంపాలి. ఒకటి సంతకమై తిరిగి రావాలి, అదీ మూడేళ్లు నిండకముందే. నిండిన తర్వాత వచ్చిన సంతకానికి 18వ సెక్షన్ వర్తించదు.