మీసాలు లేని బొమ్మ

2009 అక్టోబరు 2. కర్నూలువాళ్లకు ఆ తేదీ ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. పాతబస్తీలో మా ఇంట్లో నేనూ, అవ్వా ఉన్నాం. కరెంటు లేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, నన్ను పట్టుకొని మిద్దె మెట్లు మూడెక్కింది. నాలుగోదాని మీద కూర్చుండిపోయింది.

"నువ్వు పో నాయనా, పైన ఎవరన్నా ఉంటే పిల్చుకురా" అనింది.

పోయాను. పక్కమిద్దె వాళ్లను కేకేసి వెనక్కి వచ్చేసరికి ఆ మెట్టు కనపడలేదు. నీళ్లే.

పదకొండో రోజు భోజనాల దగ్గర చిన్నాయన అన్నాడు: "వీడు పైకెక్కి బతికినాడు, ముసల్దాన్ని వదిలేసినాడు." అని, ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాడు. ఆ గరిటె చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

తర్వాతి ఏళ్లు చెప్పడానికేం లేదు. వాన పడితే నిద్ర రాదు, గుండె దడ. ఒక డాక్టరు "పొద్దున వాకింగ్ చెయ్యి, పోతుంది" అన్నాడు. ఆయన మీద కోపం తగ్గలేదు. చివరికి ఒక సైకియాట్రిస్టు పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూసిన మనసుకు తగిలిన దెబ్బ మానకపోవడం, అని చెప్పి మాత్రలు రాసి, కౌన్సిలర్ మేడం దగ్గరికి పంపారు. ఆమె క్రేయాన్లు ముందు పెట్టారు. నాకు బొమ్మలు రావంటే నవ్వి, ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడి గురించి చెప్పారు. టీబీతో శానటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ తేరుకున్నాడట, 1942లో ఆర్ట్ థెరపీ అనే పేరు పెట్టింది ఆయనేనట. టీబీకీ నాకూ ఏం సంబంధం అనుకున్నా.

నెలరోజులు కాగితం నిండా నలుపే పూశాను. ఆమె ఏమీ అనలేదు. ఒకరోజు మెట్లు వేశాను, అవ్వను వేశాను, పక్కన నన్ను వేసుకున్నా.

"అప్పుడు మీ వయసెంత?"

"పద్నాలుగు."

"మరి ఈ మీసాలెందుకు?"

చూసుకుంటే నిజమే. అవ్వను ఎత్తుకొని పోగల మొగోణ్ని గీశాను. మళ్లీ గీయమన్నారు. ఈసారి నిక్కరుతో, అవ్వ భుజం దాటని పిల్లోడు వచ్చాడు. మా అక్క కొడుక్కి ఇప్పుడు అదే వయసు, పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తలేడు. అవ్వ పోయినప్పుడు రాని ఏడుపు ఆరోజు వచ్చింది.

మాత్రలు మాత్రం మానలేదు, మీరూ మానొద్దు. నాకు రెండూ కావాల్సి వచ్చాయి. వాన రాత్రులు ఇప్పటికీ లేస్తాను, కానీ మళ్లీ పడుకుంటున్నా. ఆ మేడం చల్లగా ఉండాలని మద్దిలేటి స్వామికి మొక్కుకున్నా.

పోయిన నెల చిన్నాయన వచ్చాడు. గోడ మీద బొమ్మ చూసి "ఎవరేసినారు?" అన్నాడు. నేనే అన్నా. చాలాసేపు నాలుగో మెట్టు వైపే చూశాడు. టీ ఇచ్చాను. చక్కెర ఎక్కువైందన్నాడు.