29-0 దగ్గర ఇంటికొచ్చేశాం

నిన్న రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి కొలరాడో యూనివర్సిటీ ఉన్న బౌల్డర్ వెళ్ళొచ్చాను. ఒళ్ళు ఇంకా మండుతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

డెన్వర్ వచ్చి నాలుగేళ్ళయింది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటని నవ్వుకునేవాణ్ణి. ఈ ఏడాది ఆ నవ్వు పోయింది. 2022లో 12 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచిన కొలరాడో యూనివర్సిటీ టీముకి డియాన్ సాండర్స్ కొత్త హెడ్ కోచ్‌గా వచ్చాడు. పాతవాళ్ళలో చాలామందికి దారి చూపించి, ఎనభైకి పైగా కొత్త ఆటగాళ్ళను దింపాడు. ఆటని నడిపిస్తూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆయన కొడుకు షెడూరే. కోచ్ సొంత కొడుకుని ఆడిస్తే మన దగ్గర ఏమనేవాళ్ళో మీకు తెలుసు. కానీ మొదటి మ్యాచ్‌లోనే, కిందటి సీజన్ ఫైనల్ దాకా వెళ్ళిన టెక్సస్ టీము టీసీయూని వాళ్ళ గడ్డ మీదే 45-42తో కొట్టేసరికి ఇక్కడ అందరి నోళ్ళూ మూతపడ్డాయి. తర్వాత ఓరెగాన్ టీము 42-6తో చితక్కొట్టినా జనం పిచ్చి తగ్గలేదు.

సీజన్ టికెట్లు ముందే అయిపోయాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీతో 2023 అక్టోబర్ 13, శుక్రవారం మ్యాచ్‌కి మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన రెండు టికెట్లున్నాయన్నాడు. ఒక్కోటి 120 డాలర్లు. అడగ్గానే పంపేశాను. నాకు ఆయన స్క్రీన్‌షాట్లు పంపాడు. "ఇవి చాలా అన్నా?" అంటే, "అందరూ అలాగే పోతారు తమ్ముడూ, టెన్షన్ పడకు" అన్నాడు. మనవాడే కదా అనుకున్నా. ఈ "మనవాడే కదా" అన్న మాట వల్ల అమెరికాలో ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో ఎవరైనా లెక్కేస్తే బాగుండు.

ఎనిమిదింటికి ఆట. ఏడున్నరకి గేటు దగ్గరున్నాం. స్కానర్ పట్టుకున్న కాలేజీ అమ్మాయి నా ఫోన్ మీద పెట్టింది. ఎర్ర లైటు. నేను బ్రైట్‌నెస్ పెంచాను, మళ్ళీ ఎర్ర లైటు. మూడోసారి తనే నా ఫోన్ తీసుకుని స్క్రీన్‌ని స్వెటర్ చేతికి తుడిచి మరీ పెట్టింది. అప్పుడు మెల్లగా, స్క్రీన్‌షాట్ అయితే పనిచేయదని, పైగా ఈ సీట్లకి ఇప్పటికే ఎవరో లోపలికి వెళ్ళారని చెప్పింది. కసురుకున్నా బాగుండేది. ఆ పిల్ల జాలిగా చూసింది. వెనక దున్నపోతు కొమ్ముల టోపీ పెట్టుకున్న పెద్దాయన, ఆయన మనవడు, వాళ్ళ వెనక ఓ వంద మంది. మమ్మల్ని పక్కకి జరిగి నిలబడమన్నారు. ఆ పిల్లాడు వెళ్తూ వెళ్తూ తల తిప్పి నన్నే చూశాడు.

టికెట్లమ్మిన అన్నకి ఏడుసార్లు ఫోన్ చేశా. ఎనిమిదోసారి ఎత్తాడు. వెనక డప్పుల మోత. టీవీ అనుకున్నా. "నా తప్పేముంది తమ్ముడూ, వాళ్ళనే అడుగు" అని పెట్టేశాడు. లోపల జనం ఒక్కసారిగా హోరెత్తారు. కొలరాడో టీము గుర్తు, నిజం దున్న ర్యాల్ఫీ మైదానంలో పరుగు తీసింది. మా రూమ్మేట్ వచ్చిందే దాన్ని చూడ్డానికి. వాడు నాతో ఒక్క మాటా అనలేదు, చేతులు జేబుల్లో పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

ఆట మొదలయ్యాక రీసేల్ యాప్‌లో రేటు పడింది, 70కే రెండు దొరికాయి. ఇది మాత్రం నా తెలివే, ఒప్పుకోవాలి. టికెట్ మీ ఫోన్లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యి కనబడేదాకా సొంత బావమరిదికైనా ఒక్క సెంటు పంపకండి.

లోపల కొలరాడోదే ఆట. దెబ్బ తగిలి కొన్ని వారాలు దూరమైన మా టీము స్టార్ ట్రావిస్ హంటర్ మళ్ళీ దిగాడు. హాఫ్‌టైమ్‌కి 29-0. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, ఇక చూసేదేముంది పదమన్నాను. కారెక్కేముందు గ్రూపులో స్కోరు కూడా పెట్టాను, గొప్పగా.

ఇంటికి చేరేలోపే స్టాన్‌ఫర్డ్ పిల్లాడు అయోమనార్ బంతితో 97 గజాలు దాటి టచ్‌డౌన్ (మన గోల్ లాంటిది) కొట్టాడు. టీవీ పెట్టేసరికి తేడా కరిగిపోతోంది. 36-36తో సమమైంది, రెండో ఓవర్‌టైమ్‌లో 46-43తో పోయింది. సోఫాలో జాకెట్ కూడా విప్పకుండా చూశాం.

పొద్దున లేచి చూస్తే గ్రూపులో ఫోటో. అన్న, ఆయన మరిది, వెనక మైదానం. సీటు నంబరు కూడా కనిపిస్తోంది, నా స్క్రీన్‌షాట్‌లోదే. కింద "చివరిదాకా ఉన్నాం, గుండె ఆగినంత పనైంది" అని రాశాడు. మరిది హఠాత్తుగా ఊడిపడ్డాడట. 240 సోమవారం ఇస్తానంటున్నాడు.